బిడ్డ చెప్పినప్పుడు మనం ఏం చేస్తాం?

సంపాదకులకు నమస్కారం.

"కొత్తవాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోకు" అని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. చెప్పాల్సిందే. కానీ పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద నమోదయ్యే అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లే. బంధువో, పక్కింటాయనో, ట్యూషన్ మాస్టారో అయినప్పుడు ఆ జాగ్రత్త ఎందుకూ పనికిరాదు. ఎవరు అన్నది కాదు, ఏం చేస్తున్నారన్నది గమనించడం నేర్పాలి.

మూడేళ్ల నుంచే స్నానం చేయించేటప్పుడు ఒంటి భాగాల పేర్లు మామూలుగా చెప్పండి. "ఛీ" అన్న చోటు గురించి బిడ్డ మళ్లీ నోరు విప్పదు. లోదుస్తులు కప్పే చోట ఎవరూ ముట్టుకోకూడదు, ఫోటో తీయకూడదు, తమను ముట్టుకోమనీ అడగకూడదు. డాక్టరైనా అమ్మో నాన్నో పక్కనుంటేనే. పుట్టినరోజు కానుక గుట్టు నాలుగు రోజుల్లో బయటపడుతుంది. "ఎప్పటికీ ఎవరికీ చెప్పకు" అన్న గుట్టును మాత్రం వెంటనే ఇంట్లో చెప్పేయాలి. మగపిల్లలకూ ఇవన్నీ చెప్పాలి, చట్టం 18 ఏళ్లలోపు అందరికీ ఒకటే. ఇంకో మాట: "మావయ్యకు ముద్దు పెట్టు" అని బలవంతపెట్టకండి, దండం పెడితే చాలు. "వద్దు" అన్న మాట ఇంట్లోనే చెల్లకపోతే బయట అనడానికి బిడ్డకు ధైర్యం ఎక్కడిది?

అసలు పొరపాటు బిడ్డ చెప్పాక జరుగుతోంది. "నిజమేనా? ముందే ఎందుకు చెప్పలేదు?" అనగానే ఆ నోరు మూతపడుతుంది. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అంటే చాలు. ఇంటిల్లిపాదీ తలా ఒకసారి అడిగితే మాటలు మారతాయి, కోర్టులో ఎదుటి లాయరు పట్టుకునేది దాన్నే. బిడ్డ అన్న మాట అన్నట్టే తేదీ, టైమ్ వేసి రాసుకోండి. జరిగి మూడు రోజుల్లోపైతే స్నానం చేయించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. విప్పిన బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో తేమకు ఆనవాళ్లు పాడవుతాయి. ఎఫ్ఐఆర్ తెమ్మని అత్యవసర చికిత్స ఆపడానికి 2020 పోక్సో నిబంధనలు ఒప్పుకోవు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. పోలీసులు యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి రావాలి. బిడ్డను రాత్రి స్టేషన్లో ఉంచకూడదు. పరువు పోతుందని పెద్దలు కూర్చుని రాజీ చేస్తే, తెలిసీ ఫిర్యాదు చేయనందుకు ఆరు నెలల వరకు జైలు. సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది వరకు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇలాంటి ప్రతి వార్త కిందా 1098 నంబరు వేయండి. పేరు రాయకపోయినా ఊరు, బడి, తండ్రి చేసే పని కలిపి రాస్తే ఆ బిడ్డ ఎవరో వీధి వీధికీ తెలిసిపోతుంది. పోక్సో చట్టం 23వ సెక్షన్ వద్దన్నది అదే.

— ఒక పాఠశాల కౌన్సెలర్, హనుమకొండ