అడుగుతున్నది ఎవరో తేలాకే పాస్‌వర్డ్

సంపాదకులకు నమస్కారం.

అందరూ చదువుకోవడానికే వెబ్‌సైట్‌లో పెట్టామని చెప్పే పత్రం మీద నొక్కితే, పత్రానికి బదులు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె ఎదురుకావడం తరచూ జరుగుతోంది. దరఖాస్తు ఫారమైనా, సర్క్యులరైనా, ఫలితాల జాబితా అయినా ఇదే తంతు. అలాంటప్పుడు చాలామంది తమకు గుర్తున్న పాస్‌వర్డ్‌లన్నీ, ఈమెయిల్‌దీ బ్యాంకుదీ సహా, వరుసగా కొట్టి చూస్తారు. తాళం ఎవరిదో తెలియకుండా ఇంట్లోని తాళంచెవులన్నీ అపరిచితుడి చేతిలో పెట్టడం లాంటిదే ఇది. ఏ పాస్‌వర్డ్ ఇవ్వాలని ఆలోచించే ముందు, అడుగుతున్నది ఎవరో తేల్చుకోవడం అవసరమని పాఠకుల దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ గందరగోళానికి కొంత కారణం మనకు దొరికిన సౌకర్యమే. ఒకప్పుడు పీడీఎఫ్ ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసుకుని వేరే ప్రోగ్రామ్‌లో తెరిచేవాళ్లం. 2013లో ఫైర్‌ఫాక్స్ 19వ వెర్షన్ నుంచి పీడీఎఫ్‌ను స్వయంగా చూపించడం మొదలుపెట్టింది. క్రోమ్ అంతకుముందే ఆ పని చేస్తోంది. దాంతో ఫైల్‌కు వేసిన తాళం, వెబ్‌సైట్ గేటు దగ్గరి కాపలా, రెండూ ఒకే కిటికీలో కనబడి ఒకటేనన్న భ్రమ కలిగిస్తున్నాయి.

ముందుగా ఫైల్ తాళం సంగతి. పీడీఎఫ్‌కు రెండు రకాల పాస్‌వర్డ్‌లు పెట్టవచ్చు. ఒకటి తెరవడానికి, రెండోది ప్రింట్ తీయడం, మార్పులు చేయడం వంటి వాటిని నియంత్రించడానికి. రెండోది మాత్రమే ఉన్న ఫైల్ ఏమీ అడగకుండానే తెరుచుకుంటుంది. మొదటిది ఉంటే, అది తెలియజేయవలసిన బాధ్యత ఫైల్ పంపినవారిదే. బ్యాంకులు స్టేట్‌మెంట్ పంపేటప్పుడు పాస్‌వర్డ్ ఎలా కూర్చుకోవాలో ఆ ఈమెయిల్‌లోనే సాధారణంగా రాస్తాయి. కాబట్టి ఫైల్‌కే తాళం ఉందో లేదో తెలుసుకోవాలంటే, దాన్ని డౌన్‌లోడ్ చేసి, ఇంటర్నెట్ ఆపేసి, మరో పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి చూడాలి. అక్కడా అడిగితే తాళం ఫైల్‌దే. అడగకుండా తెరుచుకుంటే బ్రౌజర్‌లో అడిగినది వెబ్‌సైట్. ఇక ‘ఫైల్ పాడైంది’ అన్న సందేశం వస్తే దాని సైజు చూడండి. వంద పేజీల పత్రం కొద్ది కిలోబైట్లే ఉందంటే, మీ కంప్యూటర్‌లోకి వచ్చింది పత్రం కాకపోవచ్చు. పీడీఎఫ్ పేరు తగిలించుకుని దిగిన లాగిన్ పేజీ అయ్యే అవకాశమే ఎక్కువ.

వెబ్‌సైటే అడుగుతున్నప్పుడు తెర వెనక జరిగేది ఇది: ఫైల్ కావాలని బ్రౌజర్ కోరితే, ముందు మీరెవరో చెప్పమంటూ సర్వర్ (సైట్ ఫైళ్లు ఉండే కంప్యూటర్) 401 అనే సంకేతం పంపుతుంది. అప్పుడు బ్రౌజర్ తన సొంత పెట్టెను అడ్రస్ బార్ దగ్గర తెరుస్తుంది. ఏ సైట్ అడుగుతోందో అందులో రాసి ఉంటుంది కనుక, పాస్‌వర్డ్ గడిని వదిలి ముందు ఆ పేరు చదవాలి. అడ్రస్ మొదట్లో, రాసినది దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ కాకుండా ఉత్త హెచ్‌టీటీపీ ఉంటే అక్కడ ఏమీ కొట్టకపోవడమే క్షేమం. ‘బేసిక్’ అనే పాత పద్ధతిలో పాస్‌వర్డ్‌ను బేస్64 రూపంలోకి మార్చి పంపుతారు. చూడటానికి గజిబిజిగా ఉన్నా అది రహస్య లిపి కాదు, దారిలో పట్టుకున్న ఎవరైనా క్షణంలో విప్పి చదవగలరు.

ఆఫీసు నెట్‌వర్క్‌లలో సరైన పాస్‌వర్డే ఇచ్చినా పెట్టె మళ్లీ మళ్లీ రావడం మరో తలనొప్పి. పాస్‌వర్డ్ మార్చాక కూడా పాతది, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉండిపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. కంప్యూటర్ గడియారం తప్పడం ఇంకొకటి. లాగిన్ అయ్యేది ఎవరో నిర్ధారించే కెర్బరోస్ పద్ధతి వాడే నెట్‌వర్క్‌లలో మామూలు సెట్టింగ్ ప్రకారం 5 నిమిషాలకు మించి తేడా ఉంటే సర్వర్ ఒప్పుకోదు. మూలనున్న ఆ చిన్న గడియారాన్ని ఎవరూ అనుమానించరు.

అన్నిటికన్నా చిక్కైనది వర్డ్, ఎక్సెల్ ఫైళ్ల వ్యవహారం. అప్పటికే లాగిన్ అయి ఉన్న సైట్‌లో వర్డ్ ఫైల్ మీద నొక్కినా విడిగా ఓ పెట్టె వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది; రెండు మూడు సార్లు ‘క్యాన్సిల్’ నొక్కితే ఫైల్ చక్కగా తెరుచుకుంటుంది! ఇందులో మాయేమీ లేదు. కొన్ని సందర్భాల్లో బ్రౌజర్ ఫైల్‌కు బదులు దాని అడ్రస్‌నే వర్డ్‌కు అప్పగిస్తుంది. ఆ ఫైల్‌ను సర్వర్‌లోనే దిద్ది తిరిగి భద్రపరిచే వీలుందా అని వర్డ్ నేరుగా సర్వర్‌ను అడుగుతుంది. బ్రౌజర్ దగ్గరున్న లాగిన్ గుర్తులు వర్డ్ దగ్గర ఉండవు కాబట్టి సర్వర్ మళ్లీ మొదటి నుంచి నువ్వెవరని నిలదీస్తుంది. చదవాలనుకున్న మనిషికి దిద్దే హక్కుతో పని లేదు, అయినా ఆ తగువు మధ్య నలిగేది అతనే. లింక్ మీద రైట్ క్లిక్ చేసి ఫైల్‌ను ముందు కంప్యూటర్‌లో సేవ్ చేసి, తర్వాత తెరిస్తే సాధారణంగా ఈ బెడద ఉండదు. అప్పటికీ అడిగితే, ఆ పత్రంలో అతికించిన బొమ్మో, దాని టెంప్లేటో (పత్రానికి ఆధారమైన మూస) మరో సర్వర్ నుంచి రావలసి ఉందేమో చూడాలి.

ఈ అలవాటైన చిరాకు చాటునే మోసగాళ్లు దూరుతున్నారు. ఇన్‌వాయిస్ అనో నోటీసు అనో ఈమెయిల్‌కు జోడించిన హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను (బ్రౌజర్‌లో వెబ్ పేజీలా తెరుచుకునే ఫైల్) తెరిస్తే, వెనక మసకబారిన పత్రం, ముందు ‘పత్రం చూడటానికి మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అన్న పెట్టె ప్రత్యక్షమవుతాయి. మన ఈమెయిల్ అడ్రస్ అందులో ముందే నింపి ఉండవచ్చు, అది చూసి నమ్మకూడదు. అడ్రస్ బార్‌లో ‘ఫైల్’ అని మొదలైందంటే అది మన కంప్యూటర్‌లో ఉన్న పేజీయే తప్ప ఈమెయిల్ సంస్థది కాదు. నిజంగా తాళం వేసిన పత్రం తన సొంత పాస్‌వర్డ్‌నే అడుగుతుంది, మన ఈమెయిల్ పాస్‌వర్డ్‌తో దానికి నిమిత్తం లేదు. ఒకవేళ ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకుండా ఆ పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న లాగిన్‌లన్నిటినీ రద్దు చేయాలి.

పత్రాలు ప్రచురించే సంస్థలకు కూడా ఒక విన్నపం. లింక్ పెట్టిన ఉద్యోగి తన కంప్యూటర్‌లో అది తెరుచుకుందని తృప్తి పడుతున్నారు. అతను అప్పటికే లాగిన్ అయి ఉన్నందున బయటివారికి ఎదురయ్యే పెట్టె అతనికి కనబడదు. ప్రతి లింక్‌నూ ఒకసారి, పాత లాగిన్‌లు పనిచేయని ఇన్‌కాగ్నిటో కిటికీలో, ఆఫీసు నెట్‌వర్క్ బయట మొబైల్ డేటా మీద తెరిచి చూడాలి. చదవడానికి మాత్రమే ఉద్దేశించిన పత్రాలను వర్డ్ రూపంలో కాకుండా పీడీఎఫ్‌గా పెట్టాలి. వర్డ్ ఫైలే పెట్టక తప్పకపోతే, అది నేరుగా డౌన్‌లోడ్ అయ్యేలా సర్వర్‌ను అమర్చమని సాంకేతిక సిబ్బందికి చెప్పాలి. పాస్‌వర్డ్ నిజంగా అవసరమైన చోట, అది ఏ పాస్‌వర్డో, ఎవరిని అడిగి తెలుసుకోవాలో లింక్ పక్కనే ఒక వాక్యం రాయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు