బట్ట కట్టడం నేర్పితే కుర్రకారు కడతారు

సంపాదకులు గారికి,

యువత చేనేత కట్టడం లేదని ఏటా ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, బాధపడుతూనే ఉన్నాం. ఇండోనేషియాలో మైనంతో అద్దే బాతిక్ బట్ట సంగతి ఒకసారి చూడండి. 2009లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అక్టోబరు 2న అక్కడ బాతిక్ దినోత్సవం జరుపుతున్నారు. అయినా చాలామందికి బాతిక్ అంటే శుక్రవారం ఆఫీసుకు వేసుకెళ్లే చొక్కా, లేదా పెళ్లి బట్ట. జకార్తా, యోగ్యకర్తా కుర్రకారు మాత్రం ఇప్పుడు కుట్టని బట్టనే టీషర్టు కింద చుట్టుకుని, కాళ్లకు స్నీకర్లు వేసుకుని కాఫీ షాపులకు వెళ్తున్నారు. దీన్ని ‘బెర్కాయిన్’ అంటారు. కట్టే పద్ధతిని చిన్న చిన్న వీడియోల్లో ఒకరికొకరు చూపించుకోవడంతో ఇది బాగా పాకింది.

బట్ట పొడవు సుమారు రెండున్నర మీటర్లు, పన్న మీటరుకు కాస్త ఎక్కువ. లోపలికి పోయే అంచును నాలుగు వేళ్లు పైకి లాగి నడుముకు పట్టాలి, లేకపోతే అది పై చుట్టు కిందనుంచి వేలాడుతుంది. చివర మిగిలిన బట్టను సన్నని కుచ్చిళ్లుగా మడిచి ముందుకు తెచ్చి, ఎలాస్టిక్ బెల్టు బిగిస్తే చాలు. ఎక్కువమందికి తేడా కొట్టేది మోకాళ్ల దగ్గరే. కాళ్లు దగ్గరపెట్టి చుడితే మెట్లెక్కలేరు, బండెక్కలేరు. భుజాల వెడల్పున కాళ్లు ఎడం చేసి నిలబడి చుట్టాలి. కొత్త బట్ట గంజికి జారుతుంది, ఒకసారి ఉతికాకే కట్టాలి.

అసలైన బాతిక్‌ను తిప్పి చూస్తే వెనకవైపూ రంగు దాదాపు అంతే ముదురుగా ఉంటుంది. మైనం పెట్టి రంగులో ముంచుతారు కాబట్టి. మిషను ప్రింటుకు వెనక వెలిసినట్టుంటుంది. ఉతకడానికి అక్కడివాళ్లు లెరాక్ కాయలు వాడతారు, అవి మన కుంకుళ్ల జాతివే. డిటర్జెంటులోని క్షారం సహజ రంగులను లాగేస్తుంది. నీడలోనే ఆరేయాలి.

17వ శతాబ్దంలో డచ్చివారు మచిలీపట్నం అద్దకం బట్టలను ఆ ఇండోనేషియా దీవులకే తీసుకెళ్లి మసాలా దినుసులకు మార్చుకున్నారు. అదే అద్దకం పెడనలో ఇంకా నడుస్తోంది. కానీ దుకాణంలో రెండున్నర మీటర్ల కలంకారీ ముక్క కొన్న అమ్మాయికి దాన్ని కుట్టించుకోవడం తప్ప మరో దారి తెలియదు. దయచేసి మీ చేనేత పేజీలో, కట్టే పద్ధతిని అడుగడుగునా బొమ్మలు గీయించి వేయండి. ఉతికే పద్ధతి కూడా పక్కనే ఇవ్వండి.

– కలంకారీ పనివారు, పెడన