అద్దంలో ఆ పిల్ల

తెనాలి

చిన్నాకు, నాన్న ఆశీస్సులు.

ఫోన్లో ఈ విషయం ఎత్తితే నువ్వు "వదిలెయ్ నాన్నా" అంటావు, నేను వదిలేస్తాను. అందుకే రాస్తున్నా.

సంక్రాంతికి వచ్చినప్పుడు కళ్ళకి కట్టుకునే నీ వీఆర్ హెడ్‌సెట్ నాకు పెట్టావు కదా. తల, చేతులు కాక నడుముకీ, రెండు పాదాలకీ కూడా కదలికలు పట్టే ట్రాకర్లు కట్టి, గేదెకి పలుపు బిగించినట్టు సరిచూసి, వీఆర్‌చాట్‌లోకి, అదే మనుషులు బొమ్మ వేషాల్లో కలుసుకునే ఆ కంప్యూటర్ లోకంలోకి పంపావు. ఎదురుగా నిలువుటద్దం. అందులో నీలం జుట్టు, పిల్లి చెవుల ఆడపిల్ల. నేను అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుంటే ఆ పిల్ల కూడా కట్టుకుంది. రిటైరైన హెడ్‌మాస్టర్‌లా ఉంది పాపం.

తర్వాత జరిగింది నీకు చెప్పలేదు. ఎవరో నక్క వేషంలో వచ్చి నా తల నిమిరారు. తల మీద నిజంగా ఏదో పాకినట్టయింది. నువ్వు వెళ్ళాక చదివాను, 1998లో ఒక ప్రయోగం చేశారట. అసలు చేతిని కనపడకుండా దాచి, ముందు రబ్బరు చెయ్యి పెట్టి, రెంటినీ ఒకేసారి కుంచెతో రాస్తే, కాసేపటికి రబ్బరు చెయ్యే తనదనిపిస్తుందట. నా బుర్రా అలాగే మోసపోయి ఉంటుంది.

ఆ నక్క నన్నోసారి ఎగాదిగా చూసి, గాల్లో పెన్నుతో ఇంగ్లీషులో రాసింది: "ఎవరు నువ్వు? వాడు ఇలా నిలబడడు." దొరికిపోయిన సిగ్గుతోనే హెడ్‌సెట్ పీకి, "ఈ ఆడవేషం ఏంట్రా!" అని నీ మీద అరిచాను. మీ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నువ్వు మాట్లాడకుండా అన్నీ సర్దేసుకున్నావు.

ఆ మాట అనే హక్కు నాకెక్కడిది? మీ తాతయ్య 30 ఏళ్ళు చంద్రమతి వేషం కట్టాడు. సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చినప్పుడు, తనకే వచ్చినట్టు వీధంతా చెప్పుకున్నాడట. సవరం పెట్టి, చీర కట్టి అద్దం ముందు కూర్చున్నాక "నాన్నా" అని పిలిస్తే పలికేవాడు కాదు. తెల్లారి రంగు కడుక్కున్నాక కూడా, మాట్లాడుతూ మాట్లాడుతూ లేని కొంగు భుజం మీదికి లాక్కునేవాడు. ఇలాంటి కంప్యూటర్ లోకంలో పొడుగాటి అవతారం ఇస్తే మనుషులు బేరంలో గట్టిగా నిలబడ్డారని 2007లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చూపించారట. మా ఇంట్లో అది కొత్త సంగతేం కాదు.

నన్ను పట్టి పీడిస్తున్నది వేషం కాదురా. నువ్వక్కడ మైకు ఆపేసే ఉంటావని, సైగలతోనే నెట్టుకొస్తావని ఆ రోజే చెప్పావు. నేను పట్టించుకోలేదు. చిన్నప్పుడు "క" దగ్గర ఆగిపోయేవాడివి. నేను ఓపిక పట్టలేక మధ్యలోనే అందుకుని నీ మాట పూర్తి చేసేవాణ్ణి. సాయం చేస్తున్నాననుకున్నా. బడిలో, పెళ్ళిళ్ళలో, చివరికి నీ ఇంటర్వ్యూ ఫోన్లో కూడా పక్కన కూర్చుని పెదాలు కదిపాను. ఆ నక్కకి నీ గొంతే తెలీదు. అయినా నీ ఒంట్లో నేనున్నానని నిమిషంలో కనిపెట్టేసింది. నువ్వెలా నిలబడతావో నన్నడిగితే చెప్పలేను.

ఉగాదికి వస్తున్నావట, అమ్మ చెప్పింది. ఆ పెట్టె కూడా తీసుకురా. ఈసారి నేను పక్కన కుర్చీలో కూర్చుని చూస్తాను, అంతే.

ఇంతకీ ఆ రోజు వచ్చింది ఎవరని ఆ నక్కకి చెప్పావు?

నాన్న