కాన్‌బెర్రా పైలట్ గారి సామానంతా ఒక్కచోటికి చేరింది, సాయం చేసిన అందరికీ థాంక్స్

1965, 1971 రెండు యుద్ధాల్లోనూ కాన్‌బెర్రా బాంబర్ నడిపిన మన సైనిక్‌పురి వింగ్ కమాండర్ గారి యూనిఫాంలు, ఫ్లయింగ్ సామాన్లు, కాగితాలు ఎట్టకేలకు ఒక్కచోటికి చేరాయి. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఎవరెవరు ఏం చేశారో నలుగురికీ తెలియాలనే ఈ పోస్టు. పేర్లు వద్దని ఆ కుటుంబం వాళ్ళు కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు, కానీ చదివితే ఎవరికి వాళ్ళకి తెలిసిపోతుంది.

మొదటి దండం సార్ వాళ్ళ అమ్మాయికి. అక్కా, మీరు నాన్నగారి ట్రంకుపెట్టె నా చేతిలో పెడుతూ ఒక్కటే షరతు పెట్టారు, ఏదీ విడగొట్టొద్దని. ఆ మాట విలువ నాకు బాగా తెలుసు. ఎందుకంటే చాలాసార్లు పతకాలు ఒకళ్ళకి, కోటు మీది రెక్కల బ్యాడ్జి ఇంకొకళ్ళకి అమ్ముడుపోయి, లాగ్‌బుక్కు (పైలట్ తన ఫ్లయింగ్ లెక్కలు రాసుకునే పుస్తకం), ఉత్తరాలు పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్ళిపోతాయి, ఆ తర్వాత ఆ కోటు ఎవరిదో, ఏ రాత్రి ఎక్కడికి వెళ్ళొచ్చిన మనిషిదో చెప్పేవాళ్ళే ఉండరు. 1965 యుద్ధానికి ఇచ్చిన పతకం సమర్ సేవా స్టార్ మీద చెక్కిన సర్వీస్ నంబరూ లాగ్‌బుక్కు అట్ట మీద నంబరూ ఒకటే అని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ లాగ్‌బుక్కు చదివిపెట్టిన నావిగేటర్ (విమానంలో దారి చూసి చెప్పే మనిషి) అంకుల్‌కి ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. హకీంపేటలో వాంపైర్ జెట్ మీద ట్రైనింగ్, తర్వాత బాంబర్ల మీద శిక్షణకి ఆగ్రా, అంతా పొడి అక్షరాలూ గంటలూ నిమిషాలే. పగటి ఫ్లయింగ్ నీలం సిరాతో, రాత్రిది ఎర్ర సిరాతో రాసుకున్నారు సార్. 1965 సెప్టెంబర్ పేజీ తిప్పగానే ఎర్రగీతలు వరసగా కనిపించాయి. అంకుల్ వేలు పెట్టి ఒక్కో లైనూ విడమర్చి చెప్పారు. 13-14 తేదీల మధ్య రాత్రి మన కాన్‌బెర్రాలు పాకిస్తాన్‌లోని పెషావర్ వైమానిక స్థావరం మీద దాడి చేసింది ఆ నెలలోనే, 5వ స్క్వాడ్రన్ వింగ్ కమాండర్ ప్రేమ్ పాల్ సింగ్ గారికి మహావీర్ చక్ర వచ్చింది ఆ యుద్ధంలోనే. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి, అంకుల్ చెప్పిన సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. మన బాంబర్ కాన్‌బెర్రాలో పైలట్‌కి ఎజెక్షన్ సీటు ఉంటుంది, నావిగేటర్‌కి ఉండదు. విమానం దెబ్బతింటే పైలట్ హ్యాండిల్ లాగి బయటపడొచ్చు, నావిగేటరేమో పక్క తలుపు దాకా వెళ్ళి పారాచూట్‌తో దూకాలి. అంటే ముందు ఆయన దూకేదాకా విమానాన్ని నిలబెట్టే పని పైలట్‌దే. లాగ్‌బుక్కులో ప్రతి ఎర్ర లైనులోనూ సార్ పక్కన ఒక నావిగేటర్ పేరుంది. అది చూశాకే నాకు ఆ కాలమ్ బరువు ఏంటో అర్థమైంది.

ఫ్లయింగ్ సామాన్ల విషయానికొస్తే, అవి సర్వీసు వదిలేటప్పుడు స్టోర్స్‌లో తిరిగి ఇచ్చేయాల్సినవి కాబట్టి ఇళ్ళల్లో దొరకడమే అరుదు. మనకి మిగిలింది లోపల పెట్టుకునే గుడ్డ హెల్మెట్టూ ఒక ఆక్సిజన్ మాస్కూ. మాస్కు రబ్బరు కరిగి హెల్మెట్ గుడ్డకి బంకలా అతుక్కుపోయింది. ఒకప్పుడు సేఫ్టీ ఎక్విప్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసిన బాబాయి గారు, వణికే చేతులతోనే, ఎక్కడా చిరగకుండా రెండిటినీ విడదీశారు. నేను టెన్షన్‌తో పక్క గదిలోకి వెళ్ళిపోయాను, ఆయన మాత్రం ఏ వైరు మైక్‌ది, ఏ గొట్టం ఎక్కడ తగిలించాలి అని చెప్పుకుంటూనే పని పూర్తి చేశారు. ఇప్పుడు మాస్కు విడిగా, గాలాడేలా ఇంకో పెట్టెలో ఉంది.

బట్టల సంరక్షణ చదువుకున్న చెల్లెమ్మకి కూడా చాలా థాంక్స్. నీలం ఉన్ని కోటు జేబుల్లోంచి కలరా ఉండలన్నీ తీయించింది, లాండ్రీకి పంపనివ్వలేదు, ప్లాస్టిక్ కవర్లు తీయించేసి యాసిడ్ లేని పలచటి కాగితం మడతల మధ్య పెట్టించింది. రెక్కల బ్యాడ్జి జరీ నల్లబడింది, దాన్ని రుద్దొద్దంది. బ్యాడ్జి వెనక వైపు మాత్రం కోటు రంగుకి సంబంధం లేని మెరూన్ దారంతో కుట్లున్నాయి. అవి అమ్మ చేతి కుట్లే అని అక్క చూడగానే గుర్తుపట్టారు.

ఉత్తరాలు స్కాన్ చేసిచ్చిన ఇంజనీరింగ్ పిల్లలూ, మీ ఓపికకి జోహార్లు. 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుతో సార్ వాళ్ళమ్మగారికి తెలుగులో రాసిన ఇన్‌లాండ్ లెటర్లలో యుద్ధం మాట ఒక్కటీ లేదు. చెల్లెలి సంబంధం ఎంతవరకు వచ్చిందనీ, బావి పూడిక తీయించారా అనీ, ఆవకాయ అందిందనీ రాశారు. మడతల దగ్గర చిరిగిన అక్షరాలు కూడా స్కాన్‌లో చక్కగా వచ్చాయి.

ఇక మీలో ఎవరి ఇంట్లోనైనా ఆగ్రాలోనో పుణెలోనో కాన్‌బెర్రాల దగ్గర పనిచేసినవాళ్ళ గ్రూప్ ఫొటోలు ఉంటే దయచేసి కాపీ పంపండి, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. సార్ ఉన్న ఫొటోలు రెండు మూడింట్లో పక్కన నిలబడ్డ గ్రౌండ్ క్రూ ఎవరో ఇంకా తెలియలేదు. వాళ్ళ పిల్లలకి ఆ ఫొటోలు చేర్చాలని అక్క ఆశ.