బ్రూక్లిన్ నుంచి అక్కకు

బ్రూక్లిన్

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు కట్టిన బాణీలన్నీ ఇతరులు పాడుతున్నారనీ, నీ గొంతు వేదికకు పనికిరాదనీ రాశావు. దానికి జవాబుగా నేనుంటున్న ఈ బ్రూక్లిన్‌లోనే పెరిగిన ఒకావిడ గురించి చెబుతాను. పేరు కరోల్ కింగ్, పుట్టింది 1942లో.

పదిహేడేళ్లకే పెళ్లయింది. భర్త జెర్రీ గాఫిన్ మాటలు రాస్తే ఈవిడ బాణీ కట్టేది. మన్‌హాటన్‌లో ఒక సంగీత ప్రచురణ సంస్థ ఇచ్చిన ఇరుకు గదిలో, ఒక పియానో ముందు కూర్చుని ఇతరుల కోసం పాటలు చేయడమే ఉద్యోగం. షిరెల్స్ అనే నల్లజాతి అమ్మాయిల బృందం పాడిన 'విల్ యూ లవ్ మీ టుమారో' (రేపు కూడా నన్ను ప్రేమిస్తావా అని అడిగే పాట) 1961 జనవరిలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అప్పటికి ఈవిడకు పద్దెనిమిదేళ్లు, ఇంట్లో పసిబిడ్డ. ఆ పాటలో వినిపించే తీగవాద్యాల స్వరరచన కూడా తనదే! మరుసటి ఏడాది, ఆ బిడ్డను చూసుకునే ఈవా బాయిడ్ చేత 'ది లోకోమోషన్' పాడించారు. అదీ మొదటి స్థానమే. 1967లో వీళ్ల పాటను మహాగాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడింది. ఆ గొంతు విన్నాక ఎవరికైనా తాను పాడాలన్న ధైర్యం మిగులుతుందా?

తర్వాత భర్తతో విడిపోయి, ఇద్దరు కూతుళ్లతో లాస్ ఏంజెలిస్ వెళ్లిపోయింది. వేదికంటే బెరుకు. స్నేహితుడైన గాయకుడు జేమ్స్ టేలర్ పట్టుబట్టి ముందుకు తోశాడు. 1970లో సొంత పేరుతో తెచ్చిన మొదటి ఆల్బమ్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1971లో వచ్చిన 'టాపెస్ట్రీ' మాత్రం వరుసగా 15 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. అట్ట మీద బొమ్మ చూడు: కిటికీ దగ్గర చెప్పులు లేని కాళ్లతో కూర్చుని ఉంటుంది, ముందు పెంపుడు పిల్లి. అలంకారమేమీ లేదు.

షిరెల్స్ పాడిన ఆ పాటనే ఇందులో నెమ్మదిగా, పియానో మీద తనే మళ్లీ పాడింది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. వాళ్ల పాటలో కుర్రతనపు ఊపు ఉంటుంది. ఇక్కడ అదే ప్రశ్న, జవాబు ఏమిటో ముందే తెలిసిన మనిషి అడుగుతున్నట్టు ఉంటుంది. గొంతు గొప్పదేమీ కాదక్కా. పైస్థాయిలో కాస్త బీటవారుతుంది. కానీ ఆ మాట ఎక్కడ ఆగాలో కట్టినవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

1972లో నాలుగు గ్రామీలు, అంటే అమెరికా సంగీత పురస్కారాలు, వచ్చాయి. ఆ ఏటి ఉత్తమ గీతం బహుమతి ఒక మహిళకు దక్కడం అదే మొదటిసారి. వేడుకకు మాత్రం వెళ్లలేదు, చంటిబిడ్డతో ఇంట్లో ఉండిపోయింది.

ఇంకో విచిత్రం విను. సంగీతంలో గొప్పవాళ్లను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో గాఫిన్‌తో కలిపి పాటల రచయితగా 1990లో చేర్చుకున్నారు. గాయనిగా చేర్చుకున్నది 2021లో! అంత పేరున్న మనిషికే ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది, ఇక మనల్ని తొందరపెట్టేదెవరు?

పోయిన నెల నువ్వు కట్టిన కొత్త బాణీ ఉందే, అది ఎవరికీ ఇవ్వకు. నువ్వే పాడి ఫోనులో పంపు. శ్రుతి అక్కడక్కడా జారినా సరే, తుడిచి మళ్లీ పాడొద్దు. బావగారికి నమస్కారాలు చెప్పు.

నీ చెల్లెలు