కాంట్రాక్టరుకు ఫోను చేసే ముందు కౌంటీ ఆఫీసుకు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పొలాలు కొంటున్న తెలుగువారి గురించి మీ ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఎకరం ధర, ఊరికెంత దూరం, మేకల పెంపకంలో మిగిలేదెంత, అన్నీ రాశారు. కొన్నవాడు మొదట ఏ ఆఫీసు మెట్లెక్కాలో మాత్రం రాయలేదు. ఆ మెట్లు ఆలస్యంగా ఎక్కి చేతులు కాల్చుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

నాలుగేళ్ల క్రితం మిస్సౌరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్‌కు గంటన్నర దూరంలో 34 ఎకరాల పచ్చిక బీడు కొన్నాను. మధ్యలో చిన్న వాగు. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. పశువులు కాలవలో దిగి నీళ్లు తాగడం చూస్తూ పెరిగినవాణ్ణి, అందులో తప్పుందని అనుకోలేదు. కొన్న నెలలోనే మేకలకు కంచె వేయించాను. భూమి చూపించిన ఏజెంటు గానీ, కంచె వేసిన కాంట్రాక్టరు గానీ ప్రభుత్వ సాయం మాట ఎత్తలేదు. అది వాళ్ల పని కాదులెండి.

ఆరు నెలల తర్వాత పొరుగు రైతు చెబితే కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రంలోని అమెరికా వ్యవసాయ శాఖ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. ఒకే కప్పు కింద రెండు ఆఫీసులు. మొదటిది ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. దస్తావేజు నకలు చూపిస్తే పొలం నంబరు నా పేరు మీదికి ఎక్కించారు. మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిదనుకోండి, అది లేనిదే రెండో గదిలో పని జరగదు. కోతకు గురయ్యే నేలను, చిత్తడి నేలను పాడుచేయనని ఏడీ-1026 అనే కాగితం మీద సంతకం కూడా పెట్టాలి.

రెండోది నేల, నీటి పరిరక్షణ చూసే ఎన్‌ఆర్‌సీఎస్. అక్కడి ఉద్యోగిని నా పొలం ఫొటోను, పైనుంచి తీసినది, బల్ల మీద పరిచి, కంచె ఎక్కడ కావాలో గీయమంది. ఉత్సాహంగా గీశాను. ‘‘ఇది ఇంకా వేయలేదు కదా?’’ అంది. వేశానన్నాను. ఆమె కలానికి మూత పెట్టింది.

నేల, నీటి రక్షణకు రైతు చేసే పనుల ఖర్చులో కొంత ప్రభుత్వం భరించే ‘ఈక్విప్’ అనే పథకంలో ఒప్పందం మీద సంతకాలు అయ్యాకే పని మొదలుపెట్టాలి, ముందే చేసిన పనికి డబ్బివ్వరు. సేద్యంలోకి వచ్చి పదేళ్లు దాటనివారికి అంచనా ఖర్చులో 90 శాతం దాకా రావచ్చు, సగం ముందుగానే తీసుకోవచ్చు. నా కంచె ఖర్చు మాత్రం మొత్తం నా జేబులోంచే.

అయినా వాళ్లు నన్ను వదిలేయలేదు. వారం తిరక్కుండా ఒకాయన పార పట్టుకుని వచ్చాడు. వాగు ఒడ్డున ఒక పెళ్ల తవ్వి నా చేతిలో పెట్టాడు. ఇటుకలా ఉంది, రెండంగుళాల కింద వేరన్నది లేదు. మేకలు వెళ్లని మూలలో మరొకటి తవ్వాడు. వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది, అందులో రెండు వానపాములు. ఆయన ఏమీ అనలేదు, అనక్కర్లేకపోయింది. మేకల్ని వాగుకు దూరంగా ఉంచి, గొట్టాలతో తొట్లకు నీళ్లు పెట్టి, పచ్చికను ఆరు భాగాలు చేసి మార్చి మార్చి మేపాలని ప్రణాళిక రాసిచ్చాడు. దానికి ఒక్క డాలరు తీసుకోలేదు. ఆ పనులకు ఈక్విప్ డబ్బు కోసం దరఖాస్తు ఏడాది పొడుగునా తీసుకుంటారు గానీ, గడువు తేదీన మార్కులేసి వరస కడతారు. మొదటి ఏడు నాకు రాలేదు.

మిస్సౌరీలో సాయానికి ఇంకో దారి కూడా ఉంది. ఇక్కడి 114 కౌంటీల్లోనూ ‘నేల, నీటి పరిరక్షణ జిల్లాలు’ అనే స్థానిక సంస్థలున్నాయి. 1984లో ఓటర్లు ఒప్పుకున్న అమ్మకపు పన్ను, డాలరుకు సెంటులో పదో వంతు, సగం పార్కులకూ సగం నేల, నీటి రక్షణకూ వెళుతుంది. పాతికేళ్లుగా బియ్యం, పప్పు కొన్న ప్రతిసారీ నేనూ కడుతున్నానన్నమాట! ఆ డబ్బుతో ఏం చేస్తారని ఏనాడూ అడగలేదు.

ఇకపై పొలాల ధరలు వేసినప్పుడు, కాంట్రాక్టరు కంటే ముందు కౌంటీ సర్వీస్ సెంటర్‌కు ఫోను చేయమని ఒక్క ముక్క కలపండి.

రెండో ఏడు గొట్టాలకూ తొట్లకూ మంజూరైంది. సంతకాలయ్యేదాకా పార కొట్టంలోంచి బయటికి తీయలేదు. మా ఆవిడ దాని మీద తాళం కప్ప పెట్టింది.

– ఒక పాఠకుడు, మిస్సౌరీ