కుటుంబ వైద్యుల శిక్షణలో పరిశోధనకు చోటేది?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. వైద్య పీజీ సీట్ల గురించి మీ పత్రికలో వస్తున్న కథనాలను శ్రద్ధగా చదువుతున్నాను. ఏ విభాగంలో ఎన్ని సీట్లున్నాయి, ఫీజులెంత, కౌన్సెలింగ్ ఎప్పుడు అన్న వివరాలు వాటిలో బాగానే ఉంటున్నాయి. అయితే ఫ్యామిలీ మెడిసిన్‌లో, అంటే మనం వాడుకగా జనరల్ ప్రాక్టీస్ అనే విభాగంలో, శిక్షణ పొందుతున్న యువ వైద్యులు ఆ మూడేళ్లలో ఏ పరిశోధన చేస్తున్నారు, అది ఎవరికి అక్కరకొస్తోంది అన్న ప్రశ్న మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. సీతాఫల్‌మండిలో ముప్పై ఏళ్లుగా చిన్న క్లినిక్ నడుపుతూ, కొన్నేళ్లుగా డీఎన్‌బీ (జాతీయ పరీక్షా మండలి ఇచ్చే పీజీ పట్టా) ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంట్లను, అంటే శిక్షణలో ఉన్న వైద్యులను, నా పక్కన కూర్చోబెట్టుకుని ఓపీ చూస్తున్నవాడిని కాబట్టి ఈ విషయం రాయకుండా ఉండలేకపోయాను.

డీఎన్‌బీలో థీసిస్ తప్పనిసరి. కనుక పరిశోధన లేదని ఎవరూ అనలేరు. నా ఫిర్యాదు వేరు. రేపు బస్తీల్లో, చిన్న పట్టణాల్లో కూర్చుని దగ్గూ జ్వరం, బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు చూడబోయే డాక్టరు చేత ఐసీయూ రోగుల మీద, వార్డులో పడుకున్నవారి మీద థీసిస్ రాయిస్తున్నాం. ఏ రోగులతో ఆ డాక్టరు జీవితమంతా గడవబోతోందో వారి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండానే శిక్షణ పూర్తయిపోతోంది.

ఇది ఎంత పెద్ద లోటో 1961లోనే అమెరికాలో కెర్ వైట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లెక్కగట్టి చూపించారు. వెయ్యి మంది పెద్దవాళ్లను తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుందని, వారిలో 250 మంది డాక్టరు దగ్గరికి వెళతారని, 9 మంది ఆస్పత్రిలో చేరతారని, విశ్వవిద్యాలయ ఆస్పత్రి దాకా చేరేది ఒక్కరేనని వారు తేల్చారు. 2001లో మళ్లీ లెక్క వేసినా చిత్రం పెద్దగా మారలేదు. మన దేశంలో అంకెలు వేరుగా ఉండవచ్చు గాని, గాంధీ ఆస్పత్రి మెట్లెక్కేవారికంటే వీధి చివరి క్లినిక్ మెట్లెక్కేవారే ఎన్నో రెట్లు ఎక్కువని ఈ నగరంలో ఉండే ఎవరికైనా తెలుసు. మన వైద్య పుస్తకాల్లోని జ్ఞానంలో అధిక భాగం ఆ ఒక్కరిని చూసి రాసింది. మిగిలిన 249 మంది గురించి రాయవలసినవాళ్లు జనరల్ ప్రాక్టీషనర్లే.

ఒక ఉదాహరణ చెబుతాను. మా దగ్గర ఛాతీలో మంట, బరువు, నొప్పి ఏదొచ్చినా జనం చెప్పే మాట ఒకటే: "గ్యాస్ పట్టేసింది డాక్టరుగారూ." దుకాణంలో ఈనో ప్యాకెట్టు కొని తాగి, తగ్గకపోతే నా దగ్గరికి వస్తారు. వారిలో చాలామందికి నిజంగానే ఎసిడిటీయో కండరాల నొప్పో ఉంటుంది. కొందరికి మాత్రం అది గుండెపోటుకు మొదటి హెచ్చరిక. కార్డియాలజీ విభాగంలో కూర్చున్నవారికి ఛాతీ నొప్పి అంటే గుండె జబ్బు అనిపించడం సహజం, ఎందుకంటే వారి దాకా వచ్చేవారు అప్పటికే వడపోతకు గురైనవారు. అదే నొప్పి నా బల్ల ముందు కూర్చున్నప్పుడు దాని అర్థం వేరు. వాక్యం చివర ఏ మాట అంటే అనుమానించాలి, మెట్లెక్కేటప్పుడు వస్తోందా లేక భోజనం చేశాక వస్తోందా, ఆడవాళ్లు దీన్ని ఎలా వర్ణిస్తారు, షుగర్ ఉన్నవారు ఎలా వర్ణిస్తారు అన్నది మన తెలుగులో, మన దక్కనీ ఉర్దూలో ఎవరో కూర్చుని వరసగా రాసుకుంటే తప్ప తేలదు. ఏ పెద్ద ఆస్పత్రీ ఆ పని చేయలేదు, ఎందుకంటే గ్యాస్ అని తేలి ఇంటికి వెళ్లిపోయినవారు ఆ ఆస్పత్రి రికార్డులో ఉండరు.

నా దగ్గరికి వచ్చిన రెసిడెంట్లలో ఒకమ్మాయి ఇలాంటి ప్రశ్ననే పట్టుకుంది. బీపీ మాత్రలు మధ్యలో మానేసి వచ్చినవారిని మేమందరం "మానకూడదమ్మా" అని మందలించి పంపేవాళ్లం. ఆమె మందలించకుండా, ఎందుకు మానేశారని అడిగి, జవాబును వారి మాటల్లోనే ఒక పొడుగు నోటుపుస్తకంలో రాసుకునేది. పేరు రాయలేదు, వయసు, పని, కారణం మాత్రమే. "తల నొప్పి తగ్గిపోయింది కదా." "మా ఊరికి పోయిన, మాత్రలు ఈడనే మర్చిపోయిన." "కొడుకు తెచ్చియ్యలేదు." "ఈ మాత్రకు అలవాటు పడితే జీవితాంతం వేసుకోవాలంట." రెండు వారాలయ్యాక ఆమె నాకు చూపించిన పేజీల్లో వాచ్‌మన్ అన్న మాట పదే పదే కనబడింది. రాత్రంతా అపార్ట్‌మెంటు కాపలా కాసి ఉదయం పడుకునే మనిషికి, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా తెరిచి ఉండే బస్తీ దవాఖానా అందుబాటులో ఉన్నట్టా, లేనట్టా? "ఉదయం టిఫిన్ అయ్యాక ఒకటి" అని మేం రాసిచ్చే చీటీ అతని రోజుకు ఎలా సరిపోతుంది? ముప్పై ఏళ్లలో నాకు తట్టని ప్రశ్న అది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆమె దాన్నే థీసిస్ అంశంగా చేసుకుంటానని శిక్షణ పొందుతున్న ఆస్పత్రిలో అడిగింది. "ఇందులో సైన్స్ ఏముంది? రోగులను ఫాలో అప్ చేయడం కుదరదు, ఇక్కడి ఐసీయూలో డేటా సిద్ధంగా ఉంది, అది తీసుకో" అని చెప్పారట. ఆమె అదే తీసుకుంది, పాసయింది. ఆ ఆస్పత్రి పేరు రాయడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే తప్పు ఒక్కరిది కాదు. చేరిన కొద్ది నెలల్లోనే ప్రోటోకాల్, అంటే పరిశోధన ప్రణాళిక, పంపాలి, గైడ్ వార్డు స్పెషలిస్టు, రోగుల మీద పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ఆస్పత్రిలోనే ఉంటుంది, రెసిడెంటు రోజంతా వార్డు డ్యూటీలో ఉంటుంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఎవరైనా చేతికందినదే తీసుకుంటారు. ఇక నా వంటి క్లినిక్‌కు సొంత ఎథిక్స్ కమిటీ ఉండదు. ముందస్తు అనుమతి లేకుండా రోగుల మీద చేసిన అధ్యయనాన్ని మంచి వైద్య పత్రికలు ప్రచురించవు. అలా ప్రచురించకపోవడం న్యాయమే, రోగి హక్కు అన్నిటికన్నా పెద్దది. కాకపోతే సొంత కమిటీ లేని సంస్థలు ఒప్పందం చేసుకుని మరో సంస్థ కమిటీ చేత సమీక్ష చేయించుకోవచ్చని భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దారి చూపాయి. ఆ దారిలో మన నగర క్లినిక్కులను నడిపించేవారే కరవయ్యారు.

వీధి డాక్టరు పరిశోధన చేయగలడా అని అనుమానించేవారికి వైద్య చరిత్రే జవాబు చెబుతుంది. ఇంగ్లండులోని బర్న్లీ అనే మిల్లుల పట్టణంలో జనరల్ ప్రాక్టీషనరుగా ఉన్న జేమ్స్ మెకెంజీ, ప్రసవ సమయంలో గుండె జబ్బుతో ఒక యువతి తన కళ్లముందే చనిపోవడంతో కలత చెంది, ఏ గుండె లయ ప్రమాదకరమో ఏది కాదో ఏళ్ల తరబడి తన సొంత రోగులనే గమనిస్తూ తెలుసుకున్నాడు. నాడిని, మెడ రక్తనాళం కదలికను ఒకేసారి కాగితం మీద గీసే పాలిగ్రాఫ్‌ను తీర్చిదిద్దాడు. యార్క్‌షైర్ లోయలో గ్రామ వైద్యుడైన విలియం పికిల్స్ పద్ధతి ఇంకా సాదా. ఎవరికి ఏ రోజు జబ్బు మొదలైందో, అంతకు ముందు వారు ఎవరిని కలిశారో రాసిపెట్టుకోవడమే ఆయన పని. 1929లో కామెర్లు వ్యాపించినప్పుడు, జబ్బుతో మంచంలో ఉన్న ఒక పనిమనిషిని తాను చూసిన రోజునే ఆమె ఊరి ఉత్సవానికి కూడా వెళ్లిందని ఆయన గుర్తుచేసుకున్నాడు. ఆ ఒక్క తేదీ ఆధారంగా, జబ్బు సోకిన దాదాపు నెల రోజులకు బయటపడుతుందని తేల్చగలిగాడు. అది పెద్ద ఆస్పత్రిలో సాధ్యం కాదు. ఊళ్లో అందరినీ పేరుపేరునా ఎరిగినవాడికే సాధ్యం. 1952లో బ్రిటన్‌లో ఏర్పడిన జనరల్ ప్రాక్టీషనర్ల కాలేజీకి ఆయనే తొలి అధ్యక్షుడయ్యాడు.

అంత దూరం పోనవసరం లేదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది మన బేగంపేటలోనే. ఆయన సైన్యంలో పనిచేసే మామూలు డాక్టరు. ఆయన సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పుపట్టి ఉన్నాయి, దానిలో కన్ను ఆనించి చూసే కటకం పగిలి ఉంది, దోమలు ఎగిరిపోతాయని ఎండాకాలంలో పంఖా కూడా ఊపనిచ్చేవాడు కాదు. దోమల చేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. ఆ రోగి లేకుండా 1902 నోబెల్ బహుమతి లేదు. మన రెసిడెంట్లలో ఎంతమంది శిక్షణ కాలంలో రాస్ పనిచేసిన ఆ బేగంపేట భవనంలో అడుగుపెట్టారో నాకు సందేహమే.

ఇక కోవిడ్ నాటి సంగతి. మన వీధుల్లో జలుబు చేసిన ప్రతివాడి చేతిలోనూ అజిత్రోమైసిన్ స్ట్రిప్ ఉండేది. మందుల షాపులోనే అడిగి తెచ్చుకునేవారు, మాలో చాలామంది చీటీలో కూడా రాశాం. అదే సమయంలో బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ప్రిన్సిపుల్ అనే ట్రయల్, ఇళ్లలోనే ఉన్న రోగులను జీపీల (జనరల్ ప్రాక్టీషనర్ల) ద్వారా చేర్చుకుని ఇదే ప్రశ్న వేసింది. రోగి త్వరగా కోలుకోవడానికి అజిత్రోమైసిన్ చెప్పుకోదగినంతగా ఉపకరించదని 2021లో చెప్పింది. వాళ్ల దగ్గర ఉన్నదీ మన దగ్గర లేనిదీ ఆ వ్యవస్థ. అక్కడ జీపీ శిక్షణ మూడేళ్లయితే, పరిశోధన మీద ఆసక్తి ఉన్నవారికి దాన్ని నాలుగేళ్లకు పొడిగించి, కొంత సమయాన్ని అందుకోసమే విడిచిపెట్టే ఫెలోషిప్పులున్నాయి. మన రెసిడెంటుకు వారంలో ఒక్క పూట కూడా అలా దొరకదు.

మన దగ్గర ఏమీ లేదని అనను. ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఐసీఎంఆర్ 1979 నుంచి రెండు నెలల స్వల్పకాల పరిశోధనా పథకం నడుపుతోంది. అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా తన పరిశోధనా పత్రికను వెలువరిస్తోంది. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమానికి తొలి విడతలో ఎంచుకున్న అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు నగరమంతా ఉన్నాయి. మందులు ఎవరు తీసుకున్నారు, ఎవరు మళ్లీ రాలేదు అన్న లెక్క వాటిలో రోజూ నమోదవుతోంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, రెండడుగుల దూరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రశ్నలున్నాయి, రోగులున్నారు, రికార్డులున్నాయి. వీటిని కలిపే రెసిడెంటుకు సమయమూ గైడూ లేరు.

అందుకే డీఎన్‌బీ శిక్షణను పర్యవేక్షించే జాతీయ పరీక్షా మండలిని, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఫ్యామిలీ మెడిసిన్ థీసిస్ అంశం జబ్బు చేయగానే ముందుగా వీధి డాక్టరు దగ్గరికి వచ్చే రోగుల నుంచే రావాలన్న నియమం పెట్టాలి. ఆస్పత్రి గైడ్‌తో పాటు బయట ప్రాక్టీసు చేసే కుటుంబ వైద్యుణ్ని సహ గైడ్‌గా గుర్తించాలి. హైదరాబాదులోని బస్తీ దవాఖానాలు, చిన్న క్లినిక్కులు అన్నిటికీ కలిపి ఒక ఎథిక్స్ కమిటీ ఏర్పాటైతే మూడొంతుల చిక్కు అక్కడే విడిపోతుంది. వారానికి ఒక పూట డ్యూటీ నుంచి విడుదల చేయడానికి కొత్త బడ్జెట్ అక్కరలేదు, డ్యూటీ చార్టు వేసేవారి మనసు చాలు. పరిశోధన ఫలితాన్ని ఎవరి మీద చేశారో ఆ బస్తీవారికి తెలుగులో, ఉర్దూలో చెప్పి తీరాలన్నది కూడా నా కోరిక. నా తోటి వైద్యులు కొందరు దీన్ని ఒప్పుకోరని తెలిసీ రాస్తున్నాను.

ఆ అమ్మాయి నోటుపుస్తకం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అనుమతి లేకుండా రాసుకున్నది కాబట్టి అది ప్రచురణకు పనికిరాదు, పనికిరావాలని నేను అడగడమూ లేదు. అయితే ఆ ప్రశ్నను పద్ధతి ప్రకారం మళ్లీ మొదటి నుంచి అడగడానికి ఈ ఏడాది నా దగ్గరికి రాబోయే రెసిడెంటు సిద్ధమైతే, ప్రోటోకాల్ గడువు ముగియకముందే ఆ కాగితాన్ని ఏ కమిటీకి పంపాలో అధికారులు చెప్పగలిగితే, నా క్లినిక్ సాయంత్రం ఓపీని ఆ పనికి వదిలిపెడతాను.

భవదీయుడు,
ఒక కుటుంబ వైద్యుడు,
సీతాఫల్‌మండి, హైదరాబాద్.